లేచావా అక్కా?

లమ్యై అక్క ఎన్నిసార్లు చచ్చిపోయిందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండిపోతుంది. అలాంటివి లెక్కపెట్టకూడదు. ఆవిడ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఇరవై రెండేళ్ళు ఆవిడ మొహానికి శవం రంగు పూసిందాన్ని మాత్రం నేనే. బుగ్గలకి బూడిద రంగు, కళ్ళ కింద పాచి రంగు, పెదవులకి ఊదా. తాలింపు వేసినంత అలవాటుగా ఆవిణ్ణి చంపేసేదాన్ని.

నన్నందరూ రొయ్య అంటారు. పుట్టినప్పుడు ముడుచుకుని ఎర్రగా ఉన్నానని మా అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు. అసలు పేరుతో పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడను. అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. సుఫాన్ వైపు నది ఒడ్డున పుట్టింది. చిన్నప్పుడు నీళ్ళ అడుక్కి మునిగి నత్తలు ఏరేదట. అంతసేపు ఊపిరి బిగబట్టడం అక్కడే నేర్చుకుంది. నాటకాల బృందంతో బ్యాంకాక్ వచ్చింది. ఒకరోజు పక్కనే జరుగుతున్న షూటింగ్ చూడ్డానికి వెళ్ళింది. అక్కడ శవం వేషం వేసినామె మూడుసార్లు తుమ్మింది. డైరెక్టర్ తల పట్టుకుని కూర్చుంటే, జనంలోంచి అక్క చెయ్యెత్తి, "నేను పడుకుంటా, అన్నం పెడతారా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆవిడకదే పని. మొగుడు వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టినా, కూతురికి పెళ్ళయినా, మనవరాలు పుట్టినా, పొద్దున అరటిపండు ముక్కలు కొబ్బరీ నువ్వులూ కలిపిన పిండిలో ముంచి వేయించి బడి ముందు అమ్మడం, షూటింగ్ ఉంటే వెళ్ళి చచ్చిపోవడం.

చచ్చిపోయిన మనిషి లేవాలి. మా పనిలో అందరికన్నా పెద్ద నియమం అదే. డైరెక్టర్ కట్ అంటాడు. కెమెరా ఆగిపోతుంది. అప్పుడు అక్క కళ్ళు తెరిచి నవ్వేది. ఎదుటి రెండు పళ్ళ మధ్య సందుతో, చెంపలు పైకి లేచేలా, నిండుగా. మేమంతా, లైట్లు పట్టుకున్నవాళ్ళూ టీలు తెచ్చేవాళ్ళూ కూడా, తిరిగి నవ్వాలి. "లేచావా అక్కా?" అని నేను అడగాలి. "లేచానర్రా" అని ఆవిడ అనాలి. అప్పుడు నేను బొటనవేలితో ఆవిడ పెదవుల మీది ఊదా రంగు తుడిచేదాన్ని. అంతే, ఆ చావు చెరిపేసినట్టు. ఆ నవ్వు కెమెరాకి కాదు, మనుషులకి. కెమెరా చూసిందా, అది శవం నవ్వు అయిపోతుంది.

పద్దెనిమిదేళ్ళ కిందట మా కాలవ ఒడ్డునే ఒక దయ్యం సినిమా తీశారు. నీళ్ళలో పడి చచ్చిపోయిన తల్లి, తన శవాన్ని పెట్టెలో ఉంచిన ఇంట్లోంచి కదలదు. ఆ తల్లి శవం అక్కే. రాత్రిపూట ఏడుపు వినిపించే దయ్యం అది. సినిమా చూశాక మా పేటలో ఆడవాళ్ళు నెల రోజులు సాయంత్రం నీళ్ళకి వెళ్ళలేదు. దాన్నే అమెరికావాళ్ళు కొనుక్కుని మళ్ళీ తీయడానికి వచ్చారు. ఆ ఇంట్లో అద్దెకి దిగే మొగుడూ పెళ్ళాం తెల్లవాళ్ళు. దయ్యం మాత్రం మాదే కావాలిట.

"చూశావా, శవానికి కూడా ప్రమోషన్ వచ్చిందే," అని అక్క ఒకటే నవ్వు. "ఈసారి నన్ను అమెరికా శవంలా తయారుచెయ్యి."

"అమెరికా శవానికి పెదాలకి ఏ రంగు వెయ్యమంటావు?"

"అదే నీకు తెలీకపోతే నువ్వెందుకే ఇక్కడ!"

షూటింగ్ చలికాలంలో జరిగింది. కాలవ పక్క చెక్క ఇంట్లో, పెట్టె ఉన్న గదిలోకి ఎక్కువమందిని రానివ్వలేదు. మావాళ్ళలో ఉన్నది నేనూ, దుబాసీ పని చేసే ప్రేవ్ అనే పిల్లా. మిగతా అంతా వాళ్ళ మనుషులే. డైరెక్టర్ పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అందరికీ చేతులు జోడించి దణ్ణం పెట్టేవాడు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామన్నా కుదిరేది కాదు.

మొదటి టేక్ బాగా వచ్చింది. కట్ అన్నాడు. అక్క కళ్ళు తెరిచి నవ్వింది. నేను తిరిగి నవ్వాను. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. ఒకామె "అమ్మో" అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుంది. డైరెక్టర్ మాత్రం లేచి నిలబడ్డాడు. ఆ కళ్ళలో మెరుపు నాకు అప్పుడే నచ్చలేదు.

"పిన్నీ, ఆ నవ్వు మళ్ళీ కావాలంటున్నారు," అంది ప్రేవ్. "కెమెరా నడుస్తుండగా."

"కుదరదని చెప్పు," అంది అక్క పెట్టెలోంచే. "అది చచ్చిపోయినామె నవ్వు కాదు, నా నవ్వు. ఆమె నవ్వదు. ఆమెకి నవ్వే తీరిక ఎక్కడిది, పాపం?"

ప్రేవ్ వాళ్ళ భాషలో చెప్పింది. డైరెక్టర్ దణ్ణం పెట్టి, క్షమించమన్నాడు. అక్క కూడా పడుకునే దణ్ణం పెట్టింది. గొడవ తీరిపోయిందనుకున్నాం.

భోజనాలయ్యాక రెండో టేక్. నేను అక్క పెదాలు సరిచేస్తుంటే ప్రేవ్ నా చెవిలో, "అక్కా, ఈసారి కట్ నువ్వు చెప్తావా? ఆయన గొంతుకి పిన్ని ఉలిక్కిపడుతోందిట. నీ గొంతయితే అలవాటు కదా," అంది.

ఇప్పుడు నిజం చెబుతాను. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఎవరూ నన్ను అననివ్వలేదు. రంగులు పూసేదానికి ఆ మాటతో పనేముంది? నాకు గర్వం వచ్చింది. జుట్టు సర్దుకుని మరీ నిలబడ్డాను. అక్క ఊపిరి బిగబట్టింది. కెమెరా ఆవిడ మొహం మీదికి దగ్గరగా వచ్చింది. డైరెక్టర్ నా వైపు చెయ్యి ఊపాడు. "కట్" అన్నాను.

కెమెరా మీద ఎర్ర దీపం ఆరలేదు. చూశాను. వాళ్ళ కెమెరాలకి దీపం అలాగే ఉంటుందేమో అనుకున్నాను. కాదు, అనుకున్నట్టు నాకు నేనే నటించాను. అక్క కళ్ళు తెరిచింది. నన్ను చూసి, పళ్ళ సందు కనపడేలా నిండుగా నవ్వింది. "లేచావా అక్కా?" అన్నాను. నా గొంతు బాగానే పలికింది. "లేచానే," అంది. పెదాలు తుడవడానికి వంగినప్పుడు ఆ ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆరు నెలలు ఏమీ జరగలేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు సినిమా ట్రైలర్ వచ్చింది. నేను చూడకముందే మనవరాలు చూసింది. పిల్ల పేరు నొక్, ఐదేళ్ళది. బడిలో ఎవరో ఫోనులో చూపించారు. మధ్యాహ్నం బడి వదిలాక అక్క గేటు దగ్గర నిలబడి, రోజూలాగే పిల్లని చూసి నవ్వింది. పిల్ల కెవ్వుమని అరిచి టీచరమ్మ లంగా వెనక దాక్కుంది. భయానికి ఉచ్చపోసుకుని చెప్పులు తడిపేసుకుంది. అక్క దగ్గరికి వెళ్ళబోతే టీచరమ్మ కూడా ఒక అడుగు వెనక్కి వేసిందట. అక్క నాకు ఈ సంగతి చెప్పినప్పుడు అరటిపండు కోస్తూనే ఉంది.

నేను ఇంటికొచ్చి తలుపేసుకుని ట్రైలర్ చూశాను. చివర్లో చీకటి. చీకట్లోంచి అక్క మొహం. కళ్ళు తెరుచుకుంటాయి. నవ్వు మెల్లగా, చాలా మెల్లగా విప్పుకుంటుంది. నన్ను చూసి నవ్విన నవ్వు. ఎన్నోసార్లు చూసిన నవ్వే. పట్టపగలు నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఫోను బోర్లా పెట్టేశాను. ఆ సినిమాలో దయ్యం ఏడవదు. ఎవరినైనా తీసుకుపోయేముందు నవ్వుతుంది.

ఆ తర్వాత అక్క మొహం లేని చోటు లేదు. రైలు స్టేషన్ గోడల మీద, పడవల రేవు దగ్గర, పెద్ద బజార్ల మెట్ల మీద. కుర్రకారు అక్క అరటిపళ్ళు వేయించే బండి దగ్గరికి వచ్చి, "పిన్నీ, ఒక్కసారి ఆ నవ్వు నవ్వు," అని ఫోన్లు పైకెత్తేవాళ్ళు. పాత గిరాకీ మెల్లగా తగ్గిపోయింది. చేపలమ్మే తెవ్ అత్త మొహమాటం లేని మనిషి. "ఏమీ అనుకోకు లమ్యై, పొద్దున్నే నీ మొహం చూడాలంటే భయంగా ఉందే," అనేసింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నేర్చుకుంది.

నేను భయపడింది జనం గురించి కాదు. అక్క గురించి. ఒకరోజు మూకుట్లోంచి నూనె చిట్లి ఆవిడ మణికట్టు మీద పడింది. నాకు చర్మం ఎర్రబడటం కనిపించింది. ఆవిడ చెయ్యి తీయలేదు. నేను "అక్కా!" అని అరిచాక తన చేతి వైపు చూసుకుంది.

"మంట లేదా?"

"ఉంది. ఆలస్యంగా వస్తోంది." మణికట్టు తుడుచుకుని, "ఆకలి కూడా అంతే. రెండ్రోజులుగా అన్నం సంగతే గుర్తు రావట్లేదు. పొద్దున కళ్ళు తెరిస్తే ఎవరో కట్ చెప్పాల్సి ఉన్నట్టు, చెప్పేదాకా కదలకూడదన్నట్టు అలాగే పడుంటున్నానే," అంది.

ఇద్దరం కలిసి సినిమావాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి మంచిదే. చల్లటి టీ ఇచ్చింది. అక్క సంతకం పెట్టిన కాగితం తీసి చూపించింది. కెమెరా నడుస్తున్నప్పుడు దాని ముందు ఏం జరిగినా వాళ్ళదేనని అందులో ఉంది.

"నవ్వు కూడానా?" అని అడిగింది అక్క, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే.

"నవ్వని విడిగా రాయలేదు పిన్నీ. ముఖం అని ఉంది."

"కెమెరా ఆపేశాకే కదమ్మా నేను నవ్వింది. కట్ చెప్పారు. నేను విన్నాను."

ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంది. నేను టీ గ్లాసులో మంచు ముక్కల్ని చూస్తూ కూర్చున్నాను. సినిమా వచ్చే గురువారం అన్ని దేశాల్లో ఒకేసారి విడుదలవుతుందని చెప్పింది. బయటికొచ్చాక అక్క మెట్ల మీదే కూలబడింది.

"ఎన్ని హాళ్ళుంటాయే రొయ్యా, అన్ని దేశాల్లో?"

"నాకేం తెలుసక్కా."

"అన్నిట్లోనూ చచ్చి పడుంటాను. రోజుకి నాలుగు ఆటలు. ఒక్కచోట కూడా ఎవరూ కట్ చెప్పరు. గురువారంలోపు నేను లేవాలే. లేవకపోతే ఇంక లేవను."

నాకు నవ్వి తీసిపారెయ్యాలనిపించింది. కానీ నాకూ అదే భయం.

కాలవ అవతల గుడిలో బతికున్నవాళ్ళని శవాల పెట్టెల్లో పడుకోబెడతారు. గ్రహాలు బాగాలేనివాళ్ళు ఆదివారాలు బారులు తీరి వెళ్ళి, గులాబీ రంగు పెట్టెలో తల పడమటికి పెట్టి పడుకుంటారు. స్వామి తెల్లగుడ్డ కప్పి చావు మంత్రం చదువుతాడు. తల తూర్పుకి తిప్పి పుట్టుక మంత్రం చదివాక లేచి పోతారు. అక్కకి అలాంటివాటి మీద ఎప్పుడూ గురి లేదు. "నేను ఊరికే పడుకోను, పని మీదే పడుకుంటా," అని వెక్కిరించేది. ఆ ఆదివారం పొద్దున తనే నా ఇంటికి వచ్చింది.

"మంత్రం స్వామి చదువుతాడు. కట్ మాత్రం నువ్వు చెప్పాలి. ఆరోజు చెప్పింది నువ్వే కదా, నువ్వే చెప్పాలి."

"అక్కా, ఆరోజు సంగతి నీకొకటి చెప్పాలి," అన్నాను.

అక్క నా మొహం చూసింది. చాలా తెలివైన మనిషి. చెయ్యెత్తి ఆపింది. "ఇప్పుడు వద్దు. చెబితే నీ మీద కోపం వస్తుందేమో. కోపంతో పెట్టెలో పడుకోకూడదు. లేచాక చెప్పు."

పడవలో అవతలికి వెళ్ళాం. ఎండ చురుక్కుమంటోంది. మంటపం నిండా జనం. అక్కని చూడగానే గుసగుసలు మొదలయ్యాయి. స్వామి ముసలాయన, సినిమాలు చూడడు. ఆవిణ్ణి అందరిలాగే పడుకోమన్నాడు. అక్క పెట్టెలో పడుకుని చేతులు ఛాతీ మీద కలుపుకుంది. తెల్ల నూలు దారం వేళ్ళకి చుట్టారు. గుడ్డ కప్పారు. మంత్రం మొదలైంది.

నాకు అలవాటైన దృశ్యమే కదా. కానీ ఆ గుడ్డ కింద ఊపిరి కదలడం లేదు. పనిలో ఉన్నప్పుడు ఎలా బిగబడుతుందో అలా బిగబట్టింది. తూర్పుకి తిప్పారు. పుట్టుక మంత్రం కూడా అయిపోయింది. స్వామి నా వైపు చూసి తలూపాడు. నేను నోరు తెరిచి, చుట్టూ చూసి ఆగిపోయాను. ఇరవై ముప్ఫై ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. అన్నిటి మీదా ఎర్ర చుక్కలు.

"ఆపండి!" అని అరిచాను. "సిగ్గులేదూ మీకు? ఆ ఫోన్లు దించండి! మీ అమ్మ పడుకుంటే ఇలాగే తీస్తారా? ఏయ్, ఎర్ర చొక్కా, నిన్నే! జేబులో పెట్టు. జేబులో పెట్టి చేతులు చూపించు!"

ఒక్కొక్కళ్ళ దగ్గరికి వెళ్ళి దింపించాను. ఒకామె ఫోను లాక్కుని పూల బుట్టలో పడేశాను. ఆరోజు గదిలో చెయ్యాల్సిన పని అదే. ఆ గదిలో ఒక్క దీపం చూసి నోరెత్తనిదాన్ని, ఇక్కడ ఇంతమంది మీద అరిచాను. అన్నీ ఆగాయని రెండుసార్లు చూసుకుని, పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"కట్."

మూడు ఊపిర్ల సేపు ఏమీ లేదు. తర్వాత గుడ్డ కదిలింది. అక్క లేచి కూర్చుని గుడ్డ కిందికి లాగింది. కళ్ళు తెరిచింది. నన్ను చూసి నవ్వింది.

నేను తిరిగి నవ్వాలి. "లేచావా అక్కా" అనాలి. నా కాళ్ళు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. మడమ తగిలి ఇత్తడి కొవ్వొత్తి స్తంభం పడిపోయింది. ఆ చప్పుడికి మంటపం అంతా ఉలిక్కిపడింది. ఇరవై రెండేళ్ళు నేను తుడిచిన మొహం అది. దాన్ని చూసి నేను భయపడ్డాను. అక్క అది చూసింది.

నవ్వు ఆరిపోయింది. "ఓహో," అంది మెల్లగా. "ఇంకా అవలేదన్నమాట."

మళ్ళీ పడుకుంది. గుడ్డ తనే మొహం మీదికి లాక్కుంది.

"అయిపోయిందమ్మా, లే," అన్నాడు స్వామి.

"మంత్రం అయింది స్వామీ," అంది గుడ్డ కిందనుంచి. "కట్ అవలేదు. రొయ్యా, ఇంకో టేక్."

స్వామి నా వైపు చూశాడు. జనం నా వైపు చూశారు. స్తంభం ఎత్తి నిలబెట్టాను. అక్కతో గడిపిన మంచి రోజులన్నీ గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ట్రైలర్ లో చీకటే గుర్తొచ్చింది. కట్ అన్నాను. గుడ్డ తొలగింది. అక్క నవ్వింది, ఈసారి కొంచెం బెదురుగా, కొత్త చోట అన్నం అడిగే మనిషి నవ్వినట్టు. నేను కదలలేదు. కాలి వేళ్ళతో నేలని గట్టిగా పట్టుకున్నాను. పెదాలు సాగదీశాను. చెంపలు పైకెత్తాను.

"లేచావా అక్కా?"

లేచానర్రా అనాల్సిన మనిషి, నా మొహం వైపు చాలాసేపు చూసింది. ఎంతోమంది నటుల్ని చూసిన కళ్ళు అవి.

"నీకు నటన రాదే రొయ్యా," అంది.

తర్వాత మొహం నా వైపు ఎత్తి కళ్ళు మూసుకుంది. పెదాలు తుడవమని. వాటి మీద ఏ రంగూ లేదు. వంగి బొటనవేలితో తుడిచాను. చల్లగా ఉన్నాయి. పొద్దుటినుంచి ఏమీ తినలేదు కదా, అందుకే అనుకున్నాను. తుడుస్తూనే ఉన్నాను. ఎప్పుడూ "చాలే, తోలు ఊడొస్తుంది" అని కసిరే మనిషి, చాలనలేదు.

తిరుగు పడవలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలో కొడుతోంది. సగం దారిలో అక్క నోటి మీంచి చెయ్యి తీసి అడిగింది.

"ఏదో చెబుతానన్నావుగా, లేచాక?"

ఆ ఎర్ర దీపం సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహం వైపు చూశాను. మళ్ళీ అదే భయం వేసింది.

"ఇప్పుడే కాదులే అక్కా," అన్నాను.

లేచాక చెప్పాల్సింది ఇంకా చెప్పనన్నానని అనేశాక గానీ నాకు తెలియలేదు. అక్కకి తెలిసింది. సరేనని తలూపి, నోటికి మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుని, నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది.